జీడి చేతులు

పేరు ఢిల్లేశ్వర్రావు, ఊరు కాశీబుగ్గ,
ఎక్కింది హైదరాబాదు బండి.
"నా బతుకే తప్పు అడ్రసురా" అనేవాడు.
వాడి మొదటి జోకు అదే.
రెండోది పుట్టేసరికి మా ఇద్దరికీ పద్నాలుగేళ్లు.

బడి లేని మధ్యాహ్నాలు,
పలాసలో జీడి కార్ఖానా షెడ్డు.
వాళ్లమ్మ దమయంతత్త మూడో వరసలో పిక్కలు కొట్టేది.
నేనెప్పుడూ హెడ్మాస్టర్నే. మిగతా లోకమంతా వాడు:
మేస్త్రీ, మేస్త్రీ పెళ్లాం, దారి తప్పిన మేక,
ఆఖరికి షావుకారు వైపే వాలే కాటా ముల్లు కూడా,
ఒంటికాలి మీద, పక్కకి ఒరిగి.

నలభై మంది ఆడవాళ్లు నవ్వేవాళ్లు
భుజాలతో, కడుపులతో, కళ్లనీళ్లతో.
ఒక్కరూ చప్పట్లు కొట్టేవారు కాదు.
జీడి రసం తినేసిన వేళ్లు, బూడిద రాసుకున్న అరచేతులు,
ఒకదానికొకటి తగిలితే మంట.
చప్పట్లనేవి ఉంటాయని
వాడికి చాలాకాలం తెలీదు.

తిత్లీ వచ్చి పోయిన మూడో రోజు.
కరెంటు లేదు, తోటలో నిలబడ్డ చెట్టు లేదు.
బియ్యం లారీ కోసం వరసలో నిల్చుని అన్నాడు:
"మా ఇంటి రేకు ఎగిరెల్లి ఒరిస్సాలో పడ్డాది బావూ.
ఆడ దానికి రేసను కార్డు ఇస్తారేటి?"
నీళ్ల ప్యాకెట్లు పంచే కుర్రాడెవడో ఫోనులో తీశాడు.
ఆ వీడియోయే వాణ్ణి ఫలక్‌నుమా జనరల్ బోగీ ఎక్కించింది.
నాకూ టిక్కెట్టు తీశాడు.
నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను.
ఎందుకని అడగొద్దు,
ఇప్పటికీ మూడు రకాలుగా చెబుతుంటాను.

టీవీలో పేరు మార్చారు: సిక్కోలు సిన్నోడు.
చీర కట్టారు. వారానికి పదకొండు చెంపదెబ్బలు,
తొమ్మిది ఉత్తుత్తివి, రెండు పొరపాటున తగిలేవి.
డైలాగు మధ్యలో డైరెక్టరు ఆపి
"ఇంకొంచెం శ్రీకాకుళం వెయ్యి" అనేవాడట,
పులుసులో ఉప్పు గురించి చెప్పినట్టు.
వేశాడు.
"ఏటి"కి నవ్వు. "ఎల్లిపోనాది"కి నవ్వు.
జోకు గుమ్మం దాటకముందే నవ్వు.
ఒకడు అట్ట ఎత్తితే రెండు వందల చేతులు మోగేవి,
దించితే ఆగిపోయేవి.
అంత శుభ్రమైన చేతులు వాడెప్పుడూ చూళ్లేదట.

ఇక్కడ టీ వేళకి నా ఫోనులోనే చూసేవాళ్లం.
దమయంతత్త మోచేత్తో నన్ను పొడిచి అడిగింది:
"ఆడు నాలాగే మాటాడతన్నాడు గదరా.
నాను దినామూ మాటాడితే
ఎవులూ నవ్వరేటి మరి?"

నేను గుమాస్తాని. బస్తాల లెక్క రాసుకున్నాను.
రాత్రి వాడికి చెప్పాను, నవ్వుతాడనుకుని.
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది.

ఆ తర్వాత ఆ కార్యక్రమంలో వాడు లేడు.
కాఫీ హోటళ్ల మేడల మీద
మైకూ స్టూలూ తప్ప ఏమీ లేని చోట
ఒక్కడే నిలబడి మాట్లాడుతున్నాడని విన్నాం.
మొదటి రాత్రి పదిహేడు మంది, అందులో ఐదుగురు వెయిటర్లు.
రెండుసార్లు గది మారాడు.
అద్దె రోజున మాత్రం
చెంపదెబ్బకి ఎంత పడేదో లెక్కేసుకునేవాడు.

మొన్న ఎండల్లో వచ్చాడు. జుట్టు పలచబడింది.
అదే షెడ్డు. చీర లేదు, గెంతుల్లేవు.
ఉన్నట్టుండి యాంకరమ్మ గొంతు తీశాడు:
"హాయ్ అండీ! సో, మన జీడిపప్పుది
ఎంతో ఎంతో ఎమోషనల్ జర్నీ అండీ..."
షెడ్డు కూలినంత పనైంది.
షావుకారు కొడుకు కూడా నవ్వి,
ఎవరి మీదో తెలీక సగంలో ఆపుకున్నాడు.

దమయంతత్త నవ్వలేదు.
"ఒరే, ఆయమ్మ మాత్రం ఏటి సేసింది పాపం.
ఆల్లమ్మ అలాగ్గే మాటాడతాదేమో."

వాడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.
పిక్కల చప్పుడు కూడా ఆగింది.
ఏం చెయ్యాలో తోచక నేను
ఎన్నేళ్లకో హెడ్మాస్టరు గొంతు తీసి
"ఢిల్లేశ్వర్రావూ, బెంచీ ఎక్కు!" అన్నాను.
బస్తా ఎక్కి నిలబడ్డాడు, చెవులు పట్టుకుని.

అప్పుడు నవ్విందావిడ.
రెండు చేతులూ ఎత్తి, దగ్గరికి తెచ్చి,
తగలబోయే ముందు ఆపేసి,
ఇంకో పిక్క అందుకుంది.